హోదా తగ్గించిన కాగితం మీద సంతకం పెట్టాలా?

ఉద్యోగ ఒప్పందాల మీద ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. ముగ్గురూ ఇంకా పనిలో ఉన్నవారో, ఈ మధ్యే పని పోయినవారో కాబట్టి వారి పేర్లు, సంస్థల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఒక ప్రైవేటు హోటల్‌లో 2014 జూన్‌లో రూమ్ బాయ్‌గా చేరాను. 2019లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ ఇచ్చారు. ఆ ఆర్డరు నా దగ్గర భద్రంగా ఉంది. బేసిక్, డీఏ కలిపి ఇప్పుడు నెలకు 31,200 రూపాయలు వస్తోంది. నా సర్వీసు పదకొండేళ్ల ఎనిమిది నెలలు. పోయిన నెల కొత్త మేనేజరు నన్ను పిలిచి, ఇకపై రిసెప్షన్ కౌంటర్‌లో గుమాస్తాగా కూర్చోవాలని, జీతం 20,800 రూపాయలని చెప్పి ఒక కాగితం చేతికిచ్చారు. దాని అడుగున ‘ఈ మార్పును నేను స్వచ్ఛందంగా అంగీకరిస్తున్నాను’ అని ముందే టైపు చేసి, నా పేరు పైన సంతకం కోసం గీత గీసి ఉంచారు. కారణం అడిగితే, ‘సంతకం పెట్టేసి పోప్పా, ఇష్టం లేకపోతే రాజీనామా రాసియ్యి, లెక్క చూసి పంపిస్తాం’ అన్నారు. నా మీద ఇంతవరకు ఒక్క మెమో కూడా లేదు. అయితే నియామక పత్రంలో ‘అవసరాన్ని బట్టి యాజమాన్యం ఉద్యోగి హోదాను, పనిచేసే చోటును మార్చవచ్చు’ అనే వాక్యం ఉంది. సంతకం పెట్టి సర్దుకుపోవాలా, రాజీనామా చేసి రావలసినది తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండూ చేయకండి. ఆ కాగితాన్ని సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని, ముందుగా మాకు ఉత్తరం రాయడమే మీరు చేసిన మంచి పని. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది రాజీనామా రాసిచ్చిన తరువాత, ఆ రాజీనామా జిరాక్సు కాపీ పట్టుకుని వస్తారు. అప్పుడు చెప్పగలిగేది బాగా తగ్గిపోతుంది.

మీ ఉత్తరంలో హోదా గురించి బాధ కనిపిస్తోంది, అది సహజం. నిన్నటిదాకా మీ కింద పనిచేసిన పిల్లల ముందు కౌంటర్‌లో కూర్చోవడం ఎవరికైనా కష్టమే. కానీ ఈ కాగితం వల్ల మీకు జరిగే నష్టం గౌరవంతో, నెలనెలా తగ్గే 10,400 రూపాయలతో ఆగదు. గడిచిన పదకొండేళ్లకు మీరు సంపాదించుకున్న సొమ్ము కూడా తగ్గిపోతుంది. గ్రాట్యుటీని, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుకు గాను ఇచ్చే సొమ్మును, చివరగా తీసుకున్న వేతనం మీద లెక్కగడతారు. నెల వేతనాన్ని 26తో భాగించి, పదిహేనుతో గుణించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి మీ సర్వీసు పన్నెండేళ్లు. 31,200 రూపాయల మీద ఏడాదికి 18,000 చొప్పున మీకు 2,16,000 రూపాయలు రావాలి. 20,800 మీద లెక్కగడితే ఏడాదికి 12,000 చొప్పున 1,44,000 మాత్రమే వస్తుంది. అంటే ఒక్క సంతకంతో గ్రాట్యుటీలో 72,000 రూపాయలు పోతాయి.

ఉద్యోగం నుంచి తీసేసినప్పుడు ఇవ్వవలసిన రిట్రెంచ్‌మెంట్ పరిహారం కూడా ఇలాగే తగ్గుతుంది. దానిని ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున ఇవ్వాలి. నెల జీతగాళ్లకు ఆ సగటును చివరి మూడు నెలల జీతం నుంచి తీస్తారు. నెలకు ముప్పై రోజుల లెక్కన పాత జీతం మీద అది 1,87,200 రూపాయలు, కొత్త జీతం మీద 1,24,800. నోటీసు నెల జీతంలో ఇంకో 10,400 తగ్గుతుంది. మొత్తం కలిపితే తేడా 1,44,800 రూపాయలు. మీ మేనేజరు మనసులో ఏముందో నాకు తెలియదు. కానీ ముందు జీతం తగ్గించి, మూడు నాలుగు నెలలు గడిచాక మనిషిని తీసేయడం నేను చాలా చోట్ల చూశాను. అందువల్ల హోదా తగ్గింపు ఉత్తర్వు అందినవారు దానిని తొలగింపు నోటీసును చూసినంత జాగ్రత్తగా చూడాలని కోరుతున్నాను.

రాజీనామా చేస్తే నష్టం ఇంకా పెద్దది. స్వచ్ఛందంగా వెళ్లిపోయినవారికి రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఉండదు, నోటీసు జీతం అడిగే హక్కూ ఉండదు. పైగా మీ నియామక పత్రం ప్రకారం నోటీసు ఇవ్వవలసిన బాధ్యత మీ మీదికే రావచ్చు. గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల జీతం మాత్రమే దక్కుతాయి. ‘లెక్క చూసి పంపిస్తాం’ అన్న మాటలో ఆ లెక్క ఎంతో వారు చెప్పలేదని గమనించండి.

ఇక నియామక పత్రంలోని ఆ వాక్యం సంగతి. హోదాను, చోటును మార్చవచ్చని అందులో ఉంది తప్ప జీతం తగ్గించవచ్చని లేదు. ఒకే స్థాయిలో, ఒకే జీతంతో ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మార్చడానికి అలాంటి వాక్యం పనికొస్తుంది. ప్రమోషన్ ఆర్డరుతో వచ్చిన స్థాయిని, దానితోపాటు జీతంలో మూడో వంతును తీసేయడానికి అది చాలదు. హోదా తగ్గింపును శిక్షగా వేయాలంటే ముందుగా ఆరోపణలను రాతపూర్వకంగా ఇవ్వాలి, మీ సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరిపి మీ సాక్షులకు అవకాశం ఇవ్వాలి. మీకు ఒక్క మెమో కూడా లేదంటున్నారు కాబట్టి శిక్ష అని వారు చెప్పలేరు. శిక్ష కాదు, మామూలు మార్పే అంటే, కార్మికుల వేతనాన్ని తగ్గించే మార్పుకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనే నిబంధన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు మీరు రాసే ఏ దరఖాస్తులోనైనా కోడ్ పేరునే ఉదహరించండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దానిని దాచి మీకు ధైర్యం చెప్పడం సరికాదు. కోడ్‌లోని రక్షణలు ‘కార్మికుడు’ అనే నిర్వచనంలోకి వచ్చేవారికే వర్తిస్తాయి. సూపర్‌వైజర్ హోదాలో నెలకు 18,000 రూపాయలకు మించి తీసుకునేవారు ఆ నిర్వచనం బయట ఉంటారు. మీ యాజమాన్యం మొదట చేసే వాదన ఇదే. అయితే కోర్టులు హోదా పేరును చూసి ఆగిపోవు, చేసే అసలు పని ఏమిటో చూస్తాయి. ఇతరులకు పని అప్పగించి, సెలవులు మంజూరు చేసి, వారి పనితీరు మీద నివేదికలు రాసేవారు ఒక రకం. పక్క దుప్పట్ల లెక్క రాసుకుంటూ, మనిషి తక్కువైన రోజు తామే గది శుభ్రం చేసి, మేనేజరు చెప్పినది కిందివారికి చేరవేసేవారు ఇంకో రకం. మీరు ఈ రెండో రకంలో ఉంటే ఆ సంగతిని రుజువు చేయగల డ్యూటీ చార్టులు, లాండ్రీ రిజిస్టరు పేజీల ఫోటోలు దగ్గర పెట్టుకోండి. మరో సంగతి: వారు చెప్పినట్లు మిమ్మల్ని రిసెప్షన్ గుమాస్తాగా చేస్తే, గుమాస్తా పని నిర్వచనంలో నేరుగా ఉంది కాబట్టి, ఆ రోజు నుంచి మీరు జీతంతో సంబంధం లేకుండా కార్మికుడే అవుతారు.

ఇప్పుడు చేయవలసినది. ఆ కాగితం అందిన తేదీని గుర్తు చేస్తూ మేనేజరుకూ, యజమానికీ ఒక ఉత్తరం రాయండి. పొడవు అక్కరలేదు. ‘ఫలానా తేదీన నాకు ఇచ్చిన పత్రంలోని హోదా, వేతన మార్పులకు నేను అంగీకరించడం లేదు. 2019 నాటి ప్రమోషన్ ఉత్తర్వు ప్రకారం సూపర్‌వైజర్‌గా పనిచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీరు కౌంటర్‌లో పని అప్పగిస్తే నా అభ్యంతరానికి, నా హక్కులకు భంగం లేకుండా ఆ పని చేస్తాను. తగ్గించిన వేతనాన్ని తీసుకున్నంత మాత్రాన దానికి ఒప్పుకున్నట్లు కాదు’ అని రాస్తే చాలు. స్పీడ్ పోస్టులో, అందినట్లు రుజువు వచ్చేలా పంపండి. ఆ రసీదును పాస్‌బుక్కులో పెట్టుకున్నంత జాగ్రత్తగా దాచుకోండి. ఏమీ రాయకుండా ఆరు నెలలు తగ్గిన జీతం తీసుకుంటూ పోతే, ఒప్పుకున్నారు కాబట్టే ఊరుకున్నారని తరువాత వాదిస్తారు.

డ్యూటీకి మాత్రం ఒక్క రోజు కూడా మానవద్దు. కోపంతో ఇంట్లో కూర్చుంటే ‘తనంతట తానే మానేశాడు’ అని రాసుకోవడానికి మీరే అవకాశం ఇచ్చినవారవుతారు. ఒకవేళ ఏదో ఒక ఉదయం వేలిముద్ర యంత్రం మీ బొటనవేలిని తీసుకోకపోతే, లేదా స్టాఫ్ వాట్సాప్ గ్రూపు నుంచి మిమ్మల్ని తీసేస్తే, అక్కడే యంత్రం తెర మీద కనిపించేదాన్ని సమయంతో సహా ఫోటో తీసి, ‘ఈ రోజు ఇన్ని గంటలకు డ్యూటీకి వచ్చాను, హాజరు తీసుకోలేదు’ అని వెంటనే యాజమాన్యానికి మెసేజీ పెట్టండి. గైర్హాజరు పేరుతో విచారణ లేకుండా పేరు కొట్టేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1993లో డి.కె. యాదవ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు మీకు ఉపయోగపడాలంటే మీరు వచ్చారన్న రుజువు మీ దగ్గర ఉండాలి. అలాంటి ఫోటోలు, మెసేజీలు ఉన్న ఫోనును మార్చేయకండి, అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చినప్పుడు అసలు పరికరం చేతిలో ఉంటే ఎంతో మేలు.

ఫిర్యాదు ఎక్కడ అన్నది తరువాతి మాట. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. నియామక పత్రం మీద చిత్తూరు చిరునామా ఉన్నా, మీరు పనిచేసే చోటు తిరుపతి కాబట్టి తిరుపతి కార్మిక శాఖ కార్యాలయంలోనే దరఖాస్తు ఇవ్వండి. కన్సిలియేషన్ అధికారి ఇరుపక్షాలను పిలిచి మాట్లాడతారు. అక్కడ రాజీ కుదరకపోతే ఆయన నివేదిక అందిన 90 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఇంతకాలం మన రాయలసీమ జిల్లాల కార్మికుల కేసులు అనంతపురం లేబర్ కోర్టులో నడుస్తూ వచ్చాయి. వివాదం మొదలై రెండేళ్లు దాటితే కన్సిలియేషన్ అధికారి దానిని చేపట్టరు. కాబట్టి పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.

హోటళ్లు, లాడ్జీలు ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కిందికి కూడా వస్తాయి. ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదని దాని 47వ సెక్షన్ చెబుతోంది. తీసేస్తే అప్పీలు చేసుకునే అధికారిని 48వ సెక్షన్ చూపిస్తోంది. సంస్థ వ్యవహారాల మీద అదుపు ఉన్న యాజమాన్య స్థాయి ఉద్యోగులు దీని బయట ఉంటారు. సూపర్‌వైజర్ జీతం ఎక్కువన్న కారణంతో కోడ్ కింద మిమ్మల్ని పక్కన పెట్టినా ఈ దారి మూసుకుపోదు. అందుకే కేసు వేసేటప్పుడు మీ న్యాయవాదితో ఈ చట్టం గురించి కూడా తప్పక మాట్లాడండి.

చివరికి తీసేసే పరిస్థితే వస్తే జీతం బకాయిలు రెండు పని దినాల్లో ఇవ్వాలి, గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అని రాసిన రసీదు మీద సంతకం పెడితేనే చెక్కు ఇస్తామంటే, సంతకం పైన ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను, మిగతా హక్కులు వదులుకోలేదు’ అని మీ చేత్తో రాయండి. రాయనివ్వకపోతే ఆ రోజే ఆ సంగతిని మెసేజీగా పంపండి. చట్టం ఇచ్చిన గ్రాట్యుటీని ఏ ఒప్పందంతోనూ కాదనిపించలేరు.

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లెటూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి అయిదేళ్లు తోతాపురి సీజన్‌లో కాయలు ఏరే పని, తరువాత నాలుగేళ్లు ఏడాది పొడవునా గోదాములో డబ్బాలకు లేబుళ్లు అంటించి లెక్క చూసే పని చేశాను. రోజుకు 520 రూపాయలు ఇస్తున్నారు. ఈ ఏడాది నన్ను మళ్లీ సీజన్ కూలీల మస్టరులోకి మార్చి, సీజన్ అయిపోగానే ‘ఇక చాలమ్మా, వచ్చే ఏడు పిలుస్తాం’ అన్నారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. నాకు ఏమైనా వస్తుందా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: వస్తుందమ్మా. మస్టరులో మీ పేరు ఏ పేజీ మీదికి మారిందన్నది ముఖ్యం కాదు, గడిచిన పన్నెండు నెలల్లో మీరు ఎన్ని రోజులు పనిచేశారన్నదే ముఖ్యం. 240 రోజులు నిండి ఉంటే మీది నిరంతర సర్వీసు. వారపు సెలవు జీతంతో ఇచ్చినట్లయితే ఆ రోజులు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. అలాంటివారిని నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల పరిహారం లేకుండా పంపేయడం చెల్లదు. ‘వచ్చే ఏడు పిలుస్తాం’ అన్న నోటిమాట నోటీసు కాదు.

గ్రాట్యుటీ లెక్కలో సీజన్ పనికి, ఏడాది పొడవు పనికి తేడా ఉంది. సీజన్‌లో మాత్రమే పనిచేసినవారికి ఒక్కో సీజన్‌కు ఏడు రోజుల వేతనం, మిగతావారికి ఏడాదికి పదిహేను రోజులు ఇస్తారు. సీజన్ నడిచిన రోజుల్లో 75 శాతం పనిచేసి ఉంటే ఆ సీజన్ సర్వీసులోకి వస్తుంది కాబట్టి మీ మొదటి అయిదేళ్లను వదులుకోనక్కరలేదు. తక్కువలో తక్కువ లెక్క చూసినా, అయిదు సీజన్లకు 3,640 చొప్పున 18,200 రూపాయలు, నాలుగేళ్లకు 7,800 చొప్పున 31,200 రూపాయలు, కలిపి 49,400 రూపాయలు. యాజమాన్యం మిమ్మల్ని సీజన్ కూలీగా చూపించి తొమ్మిదేళ్లకూ ఏడు రోజుల లెక్కే వేస్తే అది 32,760కి పడిపోతుంది. మిమ్మల్ని ఆ మస్టరులోకి మార్చడంలోని అసలు సంగతి ఇది.

రుజువు మీ చేతిలో లేదని దిగులుపడకండి. పీఎఫ్ కట్టి ఉంటే మీ యూఏఎన్ పాస్‌బుక్కులో సీజన్ కాని నెలల్లో కూడా జమ కనిపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో జమ ఉందంటే సీజన్ కూలీ అన్న మాట నిలవదు. జీతం బ్యాంకులో పడి ఉంటే స్టేట్‌మెంట్ తీయించండి. మీతోపాటు గోదాములో పనిచేసినవారిలో ఇద్దరు ముగ్గురు కలిసి దరఖాస్తు ఇస్తే ఒకరికొకరు సాక్షులవుతారు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. న్యాయవాదిని వారే పెడతారు, ఫీజు ఉండదు.

ప్రశ్న: పలమనేరులోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. వైస్ ప్రిన్సిపాల్‌గా ఉన్న నన్ను ఈ ఏడాది విచారణ ఏదీ లేకుండా మళ్లీ టీచర్‌ను చేశారు. వెళ్లిపోదామంటే మూడు నెలల జీతం కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. లేబర్ ఆఫీసుకు వెళ్లవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, పలమనేరు

జవాబు: హోదా తగ్గింపు విషయంలో లేబర్ ఆఫీసు మీకు ఉపయోగపడదు. ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. మీకు ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1982 ఉంది. ప్రైవేటు విద్యాసంస్థలో పనిచేసేవారిని విచారణ జరపకుండా తొలగించడం గానీ, హోదా తగ్గించడం గానీ కూడదని దాని 79వ సెక్షన్ చెబుతోంది. ఉత్తర్వు కాపీ అడిగి తీసుకుని, ఆ చట్టం కింద విద్యాశాఖ అధికారికి అప్పీలు చేయండి. గ్రాట్యుటీకి మాత్రం మీరు పూర్తి అర్హులు. 2009 సవరణ ఉపాధ్యాయులకు ఆ హక్కును 1997 ఏప్రిల్ 3 నుంచి ఇచ్చింది, 2022లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అయిదేళ్లు నిండాయి కాబట్టి మీరు రాజీనామా చేసినా అది ఇవ్వవలసిందే. వైస్ ప్రిన్సిపాల్ జీతం తగ్గించి ఉంటే, పైన తిరుపతి పాఠకుడికి చెప్పిన అభ్యంతరం ఉత్తరం మీరూ ఈ వారమే పంపండి.

మూడు నెలల జీతం సంగతి వేరు. నోటీసు ఇవ్వకుండా వెళ్లిపోతే కొంత పరిహారం అడిగే హక్కు యాజమాన్యానికి ఉండవచ్చు. అది కూడా తమకు జరిగిన నష్టానికి తగినంతే అడగాలి, దానికోసం వారే కోర్టుకు వెళ్లాలి. మీరు మూడు నెలల నోటీసు రాతపూర్వకంగా ఇచ్చి విద్యా సంవత్సరం చివరిదాకా పనిచేస్తే ఆ ప్రశ్నే ఉండదు. సర్టిఫికెట్లను తాకట్టుగా పెట్టుకునే హక్కు వారికి లేదు. చేరినప్పుడు వాటిని ఇచ్చినందుకు రసీదు తీసుకున్నారో లేదో మీ ఉత్తరంలో రాయలేదు. లేకపోతే ఇప్పుడే ‘నా పదో తరగతి, డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ మీ కార్యాలయంలో ఉన్నాయి, బ్యాంకు పని కోసం తిరిగి ఇవ్వండి’ అని ఒక ఈమెయిలు పంపండి. డబ్బు కడితేనే ఇస్తామని వారు జవాబిచ్చినా, సర్టిఫికెట్లు తమ దగ్గర ఉన్నాయన్న ఒప్పుకోలు అందులో ఉంటుంది.